కళకు నెల జీతం

భూపాలపల్లి జిల్లాలో సర్కారు కళాజాత ఉందంటే డప్పు, గజ్జెలతో దిగేది తెలంగాణ సాంస్కృతిక సారథి బృందమే.

రాష్ట్రం వచ్చాక పెట్టిన సంస్థ ఇది. 550 మంది కళాకారులకు నెల జీతం మీద కొలువులిచ్చింది. ఉద్యమంలో ధూంధాం వేదికల మీద పాడిన గొంతులు ఇందులో చాలానే ఉన్నాయి.

అంతకుముందు పల్లె కళాకారుడికి జీతమన్న మాటే లేదు.
చిందు మేళమైనా, ఒగ్గు కథైనా ఊరు పెట్టిన గింజలు, చదివించిన కట్నాల మీదే బతికింది. ఎవరైనా పది రూపాయలు చదివిస్తే కథ అక్కడే ఆగేది. ఇచ్చినవాళ్ల పేరు, ఇంటిపేరు గట్టిగా పలికి, పిల్లాపాపలతో చల్లగుండాలని దీవించి, మళ్లీ కథలోకి వెళ్లేవాళ్లు. కృతజ్ఞత కూడా ఆటలో భాగమే.

జనగామ జిల్లాలో మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గు కథకు దేశమంతా పేరు తెచ్చి 2017లో కన్నుమూశారు. అప్పిరెడ్డిపల్లి చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ కొలువుతో కాదు, మేళంతో ఎదిగినవాళ్లు.

సారథిలో పాట ఎక్కువగా పథకాల చుట్టే తిరుగుతుందన్న విమర్శ ఉంది. అది నిజమే. అయినా ఒకటో తారీఖున చేతికొచ్చే జీతం గజ్జె కట్టిన ఇంటికి చిన్న విషయమేం కాదు.

మీ ఊళ్లో చిందు మేళం ఆఖరుసారి ఏ కథ ఆడింది? గుర్తున్నవాళ్లు రాయండి.