కట్టించాలా, విప్పించాలా

మా చిన్నప్పుడు సాలూరులో లారీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఏడాది ఈ మాట పుట్టేది: పాత బండిని మళ్లీ కట్టించాలా, విప్పించేయాలా? పుట్టిందంటే ఓ పట్టాన తేలేది కాదు. అరుగు మీద పెదనాన్నలు, మావయ్యలు చేరేవారు. ఫైనాన్సు కాగితాలు ట్రంకు పెట్టెలోంచి బయటికొచ్చేవి. మేస్త్రికి కబురెళ్లేది. పిల్లల్ని లోపలికి పొమ్మనేవారు గానీ, గుమ్మం అవతల కూచుని మేం అంతా వినేవాళ్లం.

మా ఊరికి ఇన్ని లారీలెందుకంటే, ఊరున్న చోటు అలాంటిది. 1913లో రైలు పట్టా బొబ్బిలి మీదుగా సాలూరు దాకా వచ్చి, కొండల ముందు ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి ఏ సరుకు వెళ్లాలన్నా రోడ్డే గతి. సుంకి, పొట్టంగి, కోరాపుట్, జయపురం, ఇంకా పోతే జగదల్‌పూర్, రాయ్‌పూర్. అరకు మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలు 1960ల్లో వచ్చేదాకా జయపురానికి పట్టాలే లేవు. ఉప్పు, కిరసనాయిలు, సిమెంటు, బట్టల బేళ్లు కొండెక్కేవి. చింతపండు, కొండచీపుర్లు, అల్లం, బియ్యం దిగేవి. రాష్ట్రంలో లారీలంటే విజయవాడ, దాని తరవాత సాలూరే అని మా ఊళ్లో పెద్దలు చెప్పుకునేవారు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ల గొంతు మారేది.

మాది టాటా 1210. నాన్న, చిన్న మావయ్య కలిసి పాతదే కొన్నారు. 12 అంటే సరుకుతో కలిపి బండి మొత్తం బరువు టన్నుల్లో అనీ, 10 అంటే ఇంజను బలం సుమారు 100 గుర్రాలనీ మావయ్యే నాకు చెప్పాడు. 1954లో టాటా వాళ్లు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు, 1969లో ఆ పొత్తు అయిపోయింది. అంతకు ముందు వచ్చిన బండ్లకి మూతి మీద నక్షత్రం ఉండేది. మా బాల్యంలో కూడా అలాంటివి ఒకటీ అరా తిరిగేవి. నక్షత్రం బండి ఓనరుకి టీ కొట్టు దగ్గర ఓ మర్యాద ఉండేది.

కొత్త బండి అయితే కంపెనీ నుంచి ఉత్త చాసీగా వచ్చేది. క్యాబిన్ లేదు, తలుపుల్లేవు, అద్దం లేదు. చెక్క మీద కూచుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో డ్రైవరు దాన్ని జంషెడ్‌పూర్ నుంచి తోలుకొచ్చేవాడు. దానికి ఇల్లు కట్టేది మా ఊరి షెడ్లలోనే. వడ్రంగులు క్యాబిన్ చట్రం చెక్కేవారు, టింకరింగు వాళ్లు రేకు తొడిగేవారు, పెయింటరు ముందు దేవుడి పేరు రాసి తరవాత ఓనరు పిల్లల పేర్లు రాసేవాడు. మా బండి నుదుటి మీద శ్యామలాంబ అమ్మవారి పేరు, దాని కింద నా పేరూ చెల్లి పేరూ ఉండేవి. బడిలో ఎవరు ఎవరి పిల్లలో బండ్లని బట్టే తెలిసిపోయేది.

కొండెక్కే ఘాటీ రోడ్డు బండిని తినేస్తుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, మేం కొండ మొదట్లో ఉన్నాం. ఎక్కేటప్పుడు మొదటి గేరులో గంటల తరబడి మూలుగు, దిగేటప్పుడు బ్రేకు లైనర్లు కాలిన వాసన. మైదానంలో ఎన్నో ఏళ్లు నడిచే క్లచ్చి ప్లేటు మా దారిలో సగం కాలం కూడా నిలిచేది కాదు. మిగతా చోట్ల పదేళ్లకి వచ్చే ప్రశ్న మా వాళ్లకి ముందే వచ్చేది అందుకే.

మా బండికి అది వానాకాలంలో వచ్చింది. సుంకి దిగుతుండగా ఇంజను నూనె పీడనం పడిపోయి, లోపల టక్‌టక్‌మని మోత మొదలైంది. ఇంకో బండికి కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. సెలవులు కాబట్టి మేస్త్రి వచ్చి చూసినంతసేపూ నేను అక్కడే ఉన్నాను. అంతకంటే గొప్ప పరీక్ష నేను ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

ఆయన ముందు ఇంజను ముట్టుకోలేదు. చాసీ కిందికి దూరాడు. నాలుగు మూలలకీ ఐమూలగా దారం పట్టించాడు. రెండు దారాలూ ఒకే పొడవుంటే చాసీ తిన్నగా ఉన్నట్టు, తేడా ఉంటే ఎక్కడో మెలి తిరిగినట్టు. తరవాత వెనక కమానులు తగిలించే బ్రాకెట్ల దగ్గర కిరసనాయిలు పూసి, కాసేపాగి గుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాడు. ఇనుములో పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు మెల్లగా పొడిలోకి ఊరుతుంది. తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత తేలింది. ఒకటి కాదు, పక్కనే ఇంకోటి. పాత వెల్డింగు మచ్చ అంచునే అది సాగింది.

ఆ తరవాతే ఇంజను నూనె దింపించాడు. వేళ్ల మధ్య రుద్ది వెలుగులో చూపించాడు, మెరుపులు. బేరింగులు అరిగి లోహం నూనెలో కలిసిపోయింది. ఆ బేరింగుల్లో తిరిగే క్రాంకు కథ నాకు అప్పుడే అర్థమైంది. దాన్ని లేతు మీద సాన పట్టిన ప్రతిసారీ పావు మిల్లీమీటరు తగ్గిస్తారు, దానికి తగ్గ మందం బేరింగులు వేస్తారు. పావు, అర, ముప్పావు, ఒకటి. ఆ నాలుగూ అయిపోతే ఆ క్రాంకు ఇక తుక్కే. మాది మొదటి సైజులోనే ఉంది. అంటే ఇంజనుకి ఇంకా ఆయువుంది, చాసీకి లేదు.

మావయ్య కట్టిద్దామన్నాడు. చాసీకి పట్టీ వేసి వెల్డింగు కొడితే ఇంకో నాలుగేళ్లు లాగొచ్చు కదా అన్నాడు.

"కొట్టమంటే కొడతాను బాబూ," అన్నాడు మేస్త్రి. "కింద రోడ్డు మీద నడుస్తాది. కొండెక్కించి, నిండా సరుకేసి దించితే మాత్రం నేను పూచీ కాదు. అందులో కూకునేవోడికీ పిల్లలుంటారు."

నాన్న ఆ రాత్రి లెక్కలేసుకున్నాడు. ఇంజను పని, టైర్లు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్.సి.), పర్మిటు, ఇన్సూరెన్సు. బండి కదలకపోయినా మూడు నెలలకోసారి పన్ను పడుతుంది, ఆపేశామని ముందుగా రవాణా ఆఫీసులో రాసిస్తే తప్ప. అమ్మ గాజులు తాకట్టు పెట్టే మాట కూడా వచ్చింది. "పెట్టడానికి నాకేం లేదు గానీ, దాని మీద పెట్టిన బంగారం మళ్లీ దాని మీంచి వస్తుందా, అది చెప్పండి," అంది అమ్మ. అరుగు మీద అంతమంది మగవాళ్లు మాట్లాడినా అసలు ప్రశ్న అడిగింది ఆవిడే.

నాకు ఏడుపొచ్చింది. నా పేరున్న బండి అది. కట్టించమని నాన్న కాళ్లు పట్టుకున్నాను. నాన్న విప్పించడానికే నిశ్చయించాడు. ఇన్నేళ్ల తరవాత ఆలోచిస్తే నాన్న చేసిందే సరి అని నా మనసుకి గట్టిగా తెలుసు. ఎందుకంటే ఊరి చివర రోడ్డు పక్కన, చింతచెట్ల కింద ఏదీ తేల్చుకోలేకపోయిన వాళ్ల బండ్లు వరసగా ఉండేవి. ఇవాళ కాకపోతే రేపు కట్టిద్దాం అనుకుని ఆపినవి. మొదటి వానకి క్యాబిన్ చెక్క నానేది. రెండో ఏడాదికి సైలెన్సరు దారిలో నీళ్లు దిగి పిస్టన్లు పట్టేసేవి. బ్యాటరీ, డైనమో, సెల్ఫ్ మోటారు ఎవరో పట్టుకుపోయేవారు. కట్టించడానికీ విప్పించడానికీ రెండింటికీ పనికిరాకుండా పోయిన ఆ బండ్లే నిజంగా చచ్చిపోయినవి. వాటి ఓనర్లు మంచివాళ్లు, బండిని ప్రేమించినవాళ్లు. ప్రేమించడం వల్లే తేల్చుకోలేకపోయారు.

మా బండిని దసరా లోపే విప్పారు. ఇంజను, గేరుబాక్సు ఒక్క ముక్కగా ఇంకో 1210లోకి వెళ్లాయి. వెనక హౌసింగు, చక్రాలు మక్కువ వైపు రైతు ఒకాయన కొని ట్రాక్టరు తొట్టెకి వేయించుకున్నాడు. కమాను పట్టీల కోసం పాచిపెంట కొండల నుంచి కమ్మరి వచ్చాడు. ఆ ఉక్కుకి పదును నిలుస్తుందట, కత్తులు, గొడ్డళ్లు దాంతోనే చేస్తాడట. పట్టీ ఒక్కోటీ వేలుతో మీటి, మోగిన తీరు విని ఏరుకున్నాడు. క్యాబిన్ చెక్కలో బాగున్నది వడ్రంగే వెనక్కి తీసుకున్నాడు. రేడియేటరులో రాగి, ఇత్తడి వేరే ధరకి తూకమయ్యాయి. నా పేరున్న రేకు ముక్క ఇస్తానన్నాడు టింకరింగు మేస్త్రి. చెల్లి తీసుకుంది, నేను తీసుకోలేదు.

కొన్ని మాత్రం అమ్మనివ్వలేదు బండిని పరీక్షించిన మేస్త్రి. స్టీరింగు జాయింట్లు, బ్రేకు గొట్టాలు, పగిలిన డ్రమ్ములు ఓ పక్కన పోగేసి, సమ్మెటతో కొట్టి వంచేశాడు. తుక్కు కొట్టుకి వెళ్లినా మళ్లీ ఎవరి బండికీ ఎక్కకూడదని. బేరానికి వచ్చినవాడు రెట్టింపు ఇస్తానన్నా వినలేదు. షెడ్డులో ఎవరూ ఆయనకి ఎదురు చెప్పలేదు. చాసీ నంబరు చెక్కి ఉన్న ముక్కని కోయించి, ఆర్‌సీ పుస్తకంతో కలిపి నాన్న విజయనగరం తీసుకెళ్లి అప్పగించి వచ్చాడు.

ఇప్పుడు సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. క్యాబిన్లు కంపెనీలోనే అయిపోయి వస్తున్నాయి, వడ్రంగుల షెడ్లు పలచబడ్డాయి. 2021 ఆగస్టులో కేంద్రం తుక్కు విధానం ప్రకటించాక పాత బండి మాట వస్తే ముందు వయసే అడుగుతున్నారు. బ్రేకు నిలవని బండి ఘాటీ ఎక్కకూడదు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ వయసు ఒక్కటే బండిని చెప్పదు. పదేళ్లకే చాసీ విరిగినవి ఉన్నాయి, ఇరవై దాటినా దారం తేడా రానివి ఉన్నాయి. చూసే కళ్లున్న మేస్త్రి అభిప్రాయం కాగితంలో ఎక్కడో ఒక చోట ఉండాలని నేను కోరుకుంటాను. బాగున్న ఇంజను కొలిమికి వెళ్లడం, బాగోని బ్రేకు రోడ్డు మీద మిగలడం రెండూ నష్టమే.

పోయిన వేసవిలో మావయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ల పాత పది చక్రాల బండి ఇంజను పట్టేసింది, అమ్మేయమని ఇంట్లో అంటున్నారు, ఏం చేద్దాం బావా అని. దారం పట్టించావా, సుద్ద చల్లించావా అని అడిగాను. రెండూ అయ్యాయిట. చాసీ తిన్నగా ఉంది, పగుళ్లు లేవు, క్రాంకు రెండో సైజులో ఉంది. కట్టించమన్నాను. బ్రేకులన్నీ కొత్తవి వేయించమన్నాను.