సున్నా, ఒకటి, ఆ తర్వాత చరిత్ర

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. గోదావరి పొంగితే శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. ఆ నీరు కొంటాలో మా ఇంట్లోకీ వచ్చింది. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు అటక మీదికి చేర్చాం. మంచం కింది అట్టపెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. అందులో 14 స్కోరు పుస్తకాలున్నాయి. 1988 నుంచి మా ఊరి క్రికెట్ జట్టు ఆడిన మ్యాచ్‌లన్నీ వాటిలోనే. నీరు తీశాక పెట్టె తెరిస్తే మిగిలింది బురద ముద్ద.

‘‘పోతే పోయాయిలెండి. అవేమన్నా పొలం కాగితాలా?’’ అంది మా ఆవిడ.

నేను ఆ జట్టులో ఓపెనర్‌ని. గొప్పగా ఆడానని చెప్పుకోవడానికి ఏమీ లేదు. తొందరగా అవుటై వచ్చి చెట్టు కింద పెన్సిల్ పట్టుకు కూర్చున్న రోజులే ఎక్కువ. బడిలో చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి లెక్క రాసే పని నాకే అంటగట్టారు. ఆ పనికీ ఓ గౌరవం ఉందని నాకు తెలిసింది వసంత్ రాయ్‌జీ వల్ల. చాలా ఏళ్ల క్రితం భద్రాచలంలో ఓ మిత్రుడి ఇంట్లో ఆయన రాసిన సి.కె. నాయుడు జీవిత చరిత్ర కంటపడింది. రాసినాయన ఎవరా అని ఆరా తీశాను.

రాయ్‌జీ 1920 జనవరి 26న పుట్టారు. వృత్తి చార్టర్డ్ అకౌంటెన్సీ. బొంబాయి, బరోడా జట్లకు ఆడారు. 1939లో నాగపూర్‌లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా తరఫున తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడితే వచ్చిన పరుగులు సున్నా, ఒకటి. మొత్తం 9 మ్యాచ్‌ల్లో 277 పరుగులు. అత్యధిక స్కోరు 68. అంతటితో ఆగిపోయి ఉంటే ఆయన రికార్డుల్లో ఒక వరసగా మిగిలేవారు. కానీ 1933 డిసెంబర్‌లో బొంబాయి జింఖానాలో జరిగిన, మన గడ్డ మీది తొలి టెస్టును చూసిన 13 ఏళ్ల కుర్రాడు ఆయనలో అలాగే ఉండిపోయాడు. రంజీ మీద, విక్టర్ ట్రంపర్ మీద, ఎల్.పి. జై మీద పుస్తకాలు రాశారు. 1989లో సి.కె. నాయుడు మీద రాశారు.

ఆ నాయుడు గారు మనవాడే. కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగపూర్‌లో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 పరుగులు బాదారు. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు సారథ్యం వహించారు. 1948లో బస్తర్ సంస్థానం విలీనమైనప్పుడు కొంటా కూడా నాగపూర్ పాలన కిందికే వచ్చింది. 1956 దాకా మా రాజధాని అదే. తెలుగు నేలకు ఆవల పుట్టిన తెలుగువాడి కథను, ఆయన ఊళ్లోనే సున్నాతో మొదలుపెట్టిన మరో ఆటగాడు భద్రపరిచాడన్న సంగతి నన్ను పట్టి కుదిపింది.

వరద తర్వాత కొత్త పుస్తకం కొన్నాను. పాత ఆటగాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. చింతూరు మీద తను 82 కొట్టానన్నాడొకడు. నాకు గుర్తున్నది 47. అప్పటి వికెట్ కీపర్ ‘‘యాభై దాటలేదు మాష్టారూ’’ అన్నాడు. మూడు మాటలూ రాసుకున్నాను. తీర్పు చెప్పడానికి కాగితం లేదు మరి. స్కోరు పుస్తకం విలువ అది పోయాకే తెలిసింది.

అసలు కష్టం 2005 తర్వాతి మ్యాచ్‌ల దగ్గర వచ్చింది. సల్వాజుడుం రోజులవి. కొంటాలో శిబిరం వెలిసింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. మా జట్టులోని దొర్ల కుర్రాళ్లు కొందరు శిబిరంలో చేరారు, కొందరు సరిహద్దు దాటి భద్రాచలం వైపు మిరప కోతలకు పోయారు. ఎడమ చేత్తో బంతి వేసే కుర్రాడొకడు ఎటు పోయాడో ఇప్పటికీ తెలియదు. మోటు జట్టు మీద అతను ఆరు వికెట్లు తీసిన మ్యాచ్ మాత్రం అందరికీ గుర్తుంది. వివరాల కోసం అతని అన్న ఇంటికి వెళ్లాను. చాలాసేపు నేల చూపులు చూసి, ‘‘వికెట్లు రాసుకోండి సార్. పేరు మాత్రం రాయకండి’’ అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. మా వైపు అలా అడగరు.

టెండూల్కర్, స్టీవ్ వా 2020 జనవరిలో రాయ్‌జీ ఇంటికి వెళ్లి ఆయన నూరో పుట్టినరోజు కేకు కోయించారు. ఆ జూన్ 13న ఆయన కన్నుమూశారు. ఇలాంటి పేజీ ఆయనకు ఎదురైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను చేసింది ఇదీ: బౌలర్ పేరు రాసేచోట ఖాళీ వదిలి, ఎదురుగా ఆరు వికెట్లని రాశాను. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో. పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాను. ఆ కుర్రాడు ఏదో ఒకరోజు వస్తే, తన పేరు తనే రాసుకుంటాడు.