బూడిద రంగు పురిటిగది

డిసెంబరులో అమ్మాయికి నెలలు నిండుతాయంటే, నవంబరు ఆఖర్లోనే శొంఠి, వాము, కారప్పొడులు, మెత్తటి పాత చీరలు సర్దుకుని కోపెన్‌హాగెన్ బయల్దేరాను. ఎండ పడకుండా పొద్దుటే కిటికీలు మూసుకునే విజయవాడ మనిషిని నేను. అక్కడేమో ఎనిమిదిన్నరకి తెల్లారుతుంది, మూడున్నర దాటగానే పొద్దుగూకుతుంది!

ఇల్లు ముచ్చటగానే ఉంది. పడగ్గది తలుపు తీశాను, ఉలిక్కిపడ్డాను. నాలుగు గోడలూ ముదురు బూడిద రంగు! కురవబోయే మబ్బులా ఉంది గది.

"ఏమిటే ఇది? పసిగుడ్డు కళ్ళు తెరిచి చూడాల్సింది ఈ బూడిదనా?" అనేశాను. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనూ అల్లుడూ రెండు శనివారాలు కష్టపడి వేసుకున్న రంగట. ఆ రాత్రి అది అన్నం సరిగా తినలేదు. నిండు చూలాల్ని ఏడిపించానే అని నాకూ నిద్ర పట్టలేదు.

ఆదివారం నాడు అల్లుడు, "అత్తయ్యగారూ, ఒకచోటికి వెళ్ళొద్దాం రండి" అంటూ డేవిడ్ కలెక్షన్ అనే మ్యూజియానికి తీసుకెళ్ళాడు. రాజుగారి తోట ఎదురుగా ఉంటుంది, టికెట్టు లేదు. అక్కడ హామర్‌షోయ్ అనే డెన్మార్క్ చిత్రకారుడి బొమ్మలున్నాయి. 1864లో పుట్టి 1916లో పోయాడు. 1898 నుంచి 1909 దాకా స్ట్రాండ్‌గేడ్ అనే వీధిలో 30వ నంబరు ఇంట్లో భార్య ఈడాతో కాపురమున్నాడు. ఆ ఇంటి గదుల్నే మళ్ళీ మళ్ళీ గీశాడు. బూడిద రంగు గోడలు, తెల్ల తలుపులు, నల్ల గౌనులో వెనక్కి తిరిగి నిలబడ్డ ఈడా. అంతే! కానీ చెప్పొద్దూ, ఆమె మెడమీద పడ్డ వెలుతురు నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. గోడ తగ్గి ఉంది కాబట్టి ఆ కాస్త వెలుతురూ కళ్ళకి కట్టింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. పెళ్ళప్పుడు నేనిచ్చిన ఇత్తడి కుంది ఆ గదిలో గూట్లో ఉంది. దీపం వెలిగించాను. ఆ గోడ ముందు కుంది బంగారంలా మెరిసింది! మా వంటింట్లో కడప బండ మీద ఇత్తడి బిందె ఇలాగే మెరుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే, ఎన్నడూ ఆలోచించలేదు. అసలు ఇత్తడి తోమడానికి మా అమ్మ వాడింది బూడిదే కదా!

"రంగు బాగానే ఉందే" అన్నాను. అమ్మాయి నవ్వింది. అయినా నాది అనిపించుకోవాలిగా, "కిటికీ ఉన్న గోడకి మాత్రం తెలుపు వేయించండి" అన్నాను. వేశారు. నిజానికి అదే మంచిదట. కిటికీ చుట్టూ ముదురు రంగుంటే పగటి వెలుతురు కళ్ళకి కొట్టినట్టుంటుంది.

మనవరాలు పుట్టాక ఇంటికొచ్చి చూసే నర్సమ్మ ఇంకో మాట చెప్పింది. మొదటి వారాల్లో పసివాళ్ళ చూపుకి బాగా ఆనేది వెలుగునీడల తేడాయేనట. అర్ధరాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న దీపం వెలుగులో, ఆ ముదురు గోడ ముందు వాళ్ళమ్మ మొహాన్నే చూస్తూ పడుకునేది మా బంగారు.

మీలో ఎవరైనా ఈ రంగు వేయించాలనుకుంటే, వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నవి ఇవి:

నలుపూ తెలుపూ మాత్రమే కలిపితే బూడిద రంగు నీలంగా కనిపిస్తుంది. కాస్త పసుపుమన్ను ఛాయ కలిస్తే ఎటూ మొగ్గకుండా ఉంటుంది. షేడ్ కార్డుని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, దాగిన నీలం, ఆకుపచ్చ, ఊదా బయటపడతాయి.

కార్డు చూసి డబ్బా కొనెయ్యకండి. పెద్ద అట్టముక్కకి రెండు పూతలు వేసి, పొద్దున, సాయంత్రం, లైటు వేశాక గోడకి ఆనించి చూడండి.

ముదురు గోడ వెలుతురుని మింగేస్తుంది. ఇంకో దీపం తప్పదు. పసుపు ఛాయ వెలుగిచ్చే బల్బులు నప్పుతాయి. పైకప్పు తెల్లగా ఉంచండి.

చెమ్మ పట్టే గోడకి వద్దు. ఉప్పు తేలితే తెల్లటి చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మెరుపులేని పూతని తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఆ మేరకి నిగనిగలాడుతూ మచ్చలా ఉండిపోతుంది. పోపు చిమ్మే చోట అసలే వద్దు.

తిరిగొచ్చాక మావారు, "మనింటికీ ఆ రంగు వేయిద్దామా?" అని ఆటపట్టించారు. వంటింట్లోకి తీసుకెళ్ళి కడప బండ చూపించాను. మనకెప్పుడో ఉందండీ, అన్నాను.