చూపుకి హ్రస్వం, కంటికి దీర్ఘం

మనవాళ్ళ చమత్కారం చూడండి. కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళు పెట్టుకునే వస్తువుకి సులోచనాలని పేరు పెట్టారు. నలభై దాటాక పేపరుని చెయ్యి చాచి పట్టుకుని చదవాల్సొస్తే దానికి చత్వారం అని గౌరవంగా సంస్కృతం తగిలించారు. చత్వారం వచ్చిందంటే మనిషికి పెద్దరికం వచ్చినట్టే. చిన్నతనంలోనే కళ్ళజోడు ఎక్కిన మాలాంటివాళ్ళకి మాత్రం "సైటు" అని ఓ పొడిమాట, "సోడాబుడ్డి" అని ఓ బిరుదూ!

దాని అసలు పేరు హ్రస్వదృష్టి. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత హ్రస్వాలూ దీర్ఘాలూ దిద్దించిన తెలుగు టీచర్ని గనక నాకు ఇందులో ఓ తమాషా కనిపిస్తుంది. చూపు హ్రస్వం కావడానికి చాలామందిలో కారణం కన్ను దీర్ఘం కావడమే! పెద్దవాళ్ళ కనుగుడ్డు ముందునించి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లుంటుంది. అది ఇంకొక్క మిల్లీమీటరు సాగిందంటే చాలు, రెండున్నర, మూడు నంబర్ల మైనస్ అద్దం పడుతుంది. దూరంనించి వచ్చే వెలుగు కంటి వెనకనున్న రెటీనా పొరని చేరకముందే ఒకచోట కలిసిపోతుంది. పొరమీద పడేసరికి బొమ్మ అలుక్కుపోతుంది. మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉండే అద్దం ఆ వెలుగుని కాస్త విడదీసి, కలిసే చోటుని వెనక్కి జరుపుతుంది. ఈ సంగతి కెప్లర్ మహాశయుడు 1604లోనే రాసిపెట్టాడు. గ్రహాల లెక్కలు కట్టిన ఆ కెప్లరే. పాపం, ఆయన చూపూ అంతంతమాత్రమే.

నంబరంటే బెంబేలెత్తేవాళ్ళకి చిన్న లెక్క చెబుతాను. వందని మీ మైనస్ నంబరుతో భాగించండి. వచ్చినన్ని సెంటీమీటర్ల వరకే అద్దాల్లేకుండా మీకు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటైతే మీటరు, రెండైతే అరమీటరు. నాది నాలుగున్నర. అంటే 22 సెంటీమీటర్లు, ఇంచుమించు జానెడు! ఆ జానెడు రాజ్యంలో మాత్రం నేను మహారాణిని. మావారు సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు వెతుక్కుంటూంటే, నేను ఉన్న జోడు తీసేసి చటుక్కున ఎక్కించేస్తాను.

మా రోజుల్లో కళ్ళజోడు పిల్లంటే సంబంధాలు గుమ్మంలోంచే వెనక్కి పోయేవి. పెళ్ళిచూపులనాడు మా అమ్మ నా జోడు తీయించి బియ్యం డబ్బాలో దాచింది. ఎదురుగా కుర్చీలో ఓ తెల్ల చొక్కా, దానిపైన ఓ చామనచాయ మచ్చా కనిపించాయి. "అబ్బాయి నచ్చాడుటే?" అన్నారు. మచ్చని ఏం నచ్చమంటారు చెప్పండి? ఆ మచ్చే ఇందాకటి సూదీదారం మనిషి.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ బియ్యం డబ్బా బుద్ధి మన ఇళ్ళల్లోంచి ఇంకా పోలేదు. పోయిన వేసవిలో మా మనవరాలికి సైటని తేలింది. దానికి తొమ్మిదేళ్ళు. బోర్డుమీదివి పక్కపిల్ల నోట్సులో చూసి ఎక్కించుకుంటోందని టీచరు చెబితేగాని మాకు తెలీలేదు. పిల్లలు తమంతట తాము చెప్పరండీ. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. చింతచెట్టుకి ఆకులు విడివిడిగా కనిపిస్తాయని నాకు పదేళ్ళకి జోడు పెట్టాకే తెలిసింది. అందుకే 2019లో ఆంధ్రాలో కంటివెలుగు పథకం పెట్టినప్పుడు మొదట బడిపిల్లల కళ్ళే పరీక్షించారంటే నాకు ముచ్చటేసింది.

డాక్టరుగారు చుక్కలు వేసి, కంటి కండరం సడలాక చూశారు. చిన్నపిల్లలకి అలా చూస్తేగాని నిజమైన నంబరు తేలదు. రెండు కళ్ళకీ మైనస్ రెండు. "జోడు ఎప్పుడూ పెట్టుకునే ఉండాలి" అన్నారు.

ఇంటికి రాగానే మా అక్కయ్య అడ్డుపడింది. "ఎప్పుడూ పెట్టుకుంటే కన్ను అద్దానికి మరిగి నంబరు పెరుగుతుందే! బడిలో పెట్టుకుంటే చాలు. రేపు పెళ్ళీడుకొచ్చేసరికి..."

"తొమ్మిదేళ్ళ పిల్లకి పెళ్ళేమిటక్కయ్యా?"

"నీది పెరగలేదుటే? నేను చూళ్ళేదూ?"

పెరిగిన మాట నిజమే. ఎదిగే పిల్లలో కన్నూ సాగుతుంది, దాంతో నంబరూ పెరుగుతుంది. పాదం పెరిగి చెప్పు బిగుతైతే, చెప్పు తొడగబట్టే పాదం పెరిగిందంటామా? కానీ మా అమ్మాయి వాళ్ళ పెద్దమ్మవైపే మొగ్గింది. "పోనీ, నంబరు కాస్త తగ్గించి రాయించుకుందామా అమ్మా?" అంది.

మలేసియాలో సరిగ్గా ఈ పనే చేసి చూశారు. 94 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి పూర్తి నంబరూ, కొందరికి ముప్పావు నంబరు తక్కువా ఇచ్చి రెండేళ్ళు గమనించారు. తక్కువ ఇచ్చినవాళ్ళకే ఎక్కువ పెరిగింది. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి.

అక్కయ్య తరవాతి అస్త్రం పొన్నగంటికూర. "పోయిన కంటికి కూర, అందుకేగా దానికా పేరు!" అని ఆవిడ వాదన. పెసరపప్పు వేసి ఆవిడ వండే పొన్నగంటికూర అమృతమే, కాదనను. తిండిలో ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి వచ్చే మాటా నిజమే. కానీ సాగిన కనుగుడ్డు కూర తింటే పొట్టిబడదు కదా.

పనికొచ్చేది ఆరుబయలు. చైనాలోని గ్వాంగ్జౌలో 2010 నించి కొన్ని బళ్ళల్లో ఆరేడేళ్ళ పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా బయట ఉంచారు. మూడేళ్ళ తరవాత చూస్తే, మామూలు బళ్ళల్లో నూటికి 39 మందికి పైగా సైటు వస్తే, వీళ్ళల్లో 30 మందికి వచ్చింది. బయటి వెలుగుకి రెటీనాలో డోపమిన్ అనే పదార్థం ఊరి, కన్ను సాగకుండా పట్టుకుంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. మిట్టమధ్యాహ్నం మాడనక్కర్లేదు, చెట్టునీడలో కూడా ట్యూబులైటుకి ఎన్నో రెట్ల వెలుగుంటుంది. అయితే ఈ మందు సైటు రాకముందు పనిచేసినంతగా వచ్చాక పనిచెయ్యదు. అందుకే డాక్టరుగారు మా పిల్లకి రాత్రిపూట వేసే పల్చటి ఎట్రోపిన్ చుక్కలు కూడా రాశారు. అవి పెరుగుదల వేగాన్ని తగ్గించేందుకే తప్ప, ఉన్న నంబరుని చెరిపెయ్యడానికి కాదు.

ఇంత గొడవెందుకంటారా? మైనస్ ఆరు దాటినవాళ్ళకి రెటీనా చిరిగి ఊడిపోయే ప్రమాదం మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువ. కళ్ళముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కల వాన, పక్కనించి తెర దిగినట్టు నీడ - ఏది కనిపించినా ఆరోజే కంటిడాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. లేజరు చేయించుకుని జోడు పారేసినవాళ్ళకీ ఇదే మాట. లేజరు కంటి ముందుభాగాన్ని చెక్కుతుందే గాని, కంటి పొడుగు తగ్గించదు.

మా మేనమామ పెద్ద సోడాబుడ్డి. తెర దిగితే, ఇంట్లోవాళ్ళని కంగారుపెట్టడమెందుకని పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ కన్ను మరి రాలేదు. అక్కయ్యంటే ఆయనకి ప్రాణం. ఆఖరి రోజుల్లో ఆయనకి పేపరు చదివి వినిపించింది ఆవిడే.

"మావయ్యదీ ఇదేనుటే?" అంది అక్కయ్య.

"మొదలు ఇదే" అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

ఇప్పుడు సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి కర్ర పట్టుకుని మనవరాల్ని మేడ కిందికి తోలుకుపోతోంది. తొక్కుడుబిళ్ళ గడులు సుద్దముక్కతో ఆవిడే గీస్తుంది. పిల్ల ఆటల్లో జోడు తీసి పక్కన పెట్టబోతే "పెట్టుకోవే!" అని కసురుతుంది. దోమలు కుడుతున్నాయని రాత్రంతా నా మీద సణుగుతుందనుకోండి, అది వేరే సంగతి. ఆర్నెల్లకి తీసుకొస్తే నంబరుతోబాటు కంటి పొడుగు కూడా కొలుస్తామన్నారు డాక్టరుగారు. వచ్చే నెల వెళ్ళాలి. ఈసారి గులాబీరంగు ఫ్రేమే కావాలని పిల్ల ఇప్పట్నించే పేచీ పెడుతోంది.