చేతిబ్రేకు పగ్గం

సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రదికిన తెలుగు పండితుడు కారు క్రిందికి దూరడమేమిటని కొందరికి తోచవచ్చు. విశాఖలో మా వీధి వాలుగా దిగి, అడుగున ఒక మలుపు దగ్గర ఆగుతుంది. సాయంకాలం పిల్లలు క్రికెట్ ఆడేది ఆ మలుపులోనే. ఎగువన నిలిపిన మా పాత చిన్నకారుకు, ఆ పిల్లలకు నడుమ ఉన్నది చేతిబ్రేకు. ఇంతకన్న వేరే కారణం నాకక్కరలేదు.

లివరు పైకి లాగినప్పుడు కటకటమని వినబడేది పళ్ళమీదుగా కొక్కెం ఎక్కుతున్న చప్పుడు. ఆ లాగుడు ఉక్కుతీగ ద్వారా వెనుక చక్రాల డ్రమ్ములలోకి పోయి, లోపలి షూలను విచ్చుకొనేట్లు చేసి డ్రమ్ము గోడకు అదుముతుంది. కాలిబ్రేకుది నూనె ఒత్తిడి, దీనిది తీగ బలం. ఆ తీగను మెకానిక్కులు కేబులంటారు. నాకు మాత్రం పగ్గమనబుద్ధవుతుంది. సంస్కృతంలోని ప్రగ్రహమే మన పగ్గమైనది. ఎద్దును ఆపేదానికీ కారును ఆపేదానికీ ఒకే పేరుంటే నష్టమేమి?

నిరుడు ఆరు పళ్ళకే పట్టే బ్రేకు పది దాటినా పట్టడం మానింది. ఒక షెడ్డుకు తీసుకొనిపోగా, అక్కడి కుర్రవాడు అరనిమిషంలో నట్టు బిగించి "అయిపోయిందండీ" అన్నాడు. రెండు పళ్ళకే పట్టింది! ఇల్లు చేరి చూస్తే వెనుక చక్రాల వద్ద సెగ. లివరు దించినా షూలు డ్రమ్మును వదలడం లేదన్నమాట.

లారీల పని చేసే నా పూర్వ విద్యార్థికి కబురు పంపాను. వచ్చి చూచి, "మాస్టారూ, ముందు షూల సంగతి తేల్చాలండి, కేబులు ఆ తరువాత. పదం విడదీయకుండా సంధి పేరు చెబితే మీరు ఊరుకొనేవారా?" అన్నాడు. షూలు అరిగినవన్న సంగతి మరుగుపరచి తీగను బిగించడం, తప్పిన కుర్రవాడికి మార్కులు కలిపి పై తరగతికి నెట్టినట్లే.

పెరటిలో చదునైన గచ్చుమీద పని మొదలుపెట్టాము. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి, గేరు తీసి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండులమీద నిలిపాము. ఉత్త జాకీని నమ్మి బండి క్రిందికి పోరాదు. ఈ ఒక్క మాట మాత్రం మరువకండి. డ్రమ్ము విప్పితే ఎడమవైపు షూ పలుచబడి ఉన్నది. అరుగుదలను బట్టి షూలను జరిపే మర తుప్పుతో బిగుసుకొనిపోయింది. సముద్రపు ఉప్పుగాలి దేనిని విడుస్తుంది గనుక! దుమ్మును ఊదనీయక తడిగుడ్డతో తుడిపించాడు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు.

రెండు వైపులా కొత్త షూలు వేసి, మర శుభ్రపరచి, కాలిబ్రేకు పలుమార్లు తొక్కిన పిమ్మట గాని తీగ నట్టు ముట్టనివ్వలేదు. మా బండిలో అది లివరు మొదట్లో ఉంటుంది. కొన్నిటిలో కారు అడుగున. కొద్దికొద్దిగా బిగిస్తూ, లివరు దించి చక్రాన్ని చేతితో త్రిప్పి చూడాలి. దించినప్పుడు ఎక్కడా రాపిడి తగలరాదు. తగినన్ని పళ్ళు లాగేసరికి రెండు చక్రాలూ సమంగా బిగుసుకోవాలి. ఎన్ని పళ్ళన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పై తొడుగు చిట్లిన తీగకు నూనె పోసి సరిపెట్టక, మార్చడమే మేలు. మీటతో పనిచేసే ఎలక్ట్రానిక్ బ్రేకుల జోలికి ఇంటివద్ద పోకండి.

పిల్లలు బడికి పోయిన వేళ వాలులో పరీక్షించాము. నేను సీటులో కూర్చుండి కాలిబ్రేకుమీద పాదం ఆనీ ఆనకుండా ఉంచాను. బండి కదలలేదు. అయినా వాలులో ఆపినప్పుడు గేరు కూడ వేసి, ముందు చక్రాలను అంచుగట్టు వైపు త్రిప్పి ఉంచుతున్నాను. వానలో తడిసిన బండిని నాలుగు రోజులు కదపనప్పుడు మాత్రం పెరటి గచ్చుమీదనే నిలిపి, చేతిబ్రేకు లాగక, గేరు వేసి దిమ్మెలు పెడతాను. లేకపోతే షూలు డ్రమ్ముకు అతుక్కొనిపోతాయి.

నెలకొకసారి పళ్ళు లెక్కించి పంచాంగం అట్ట లోపల వ్రాసుకొంటున్నాను. మా ఆవిడ దానిని కొత్త రకం తిథి అంటుంది. ఈ నెల ఆరు.