కునుకు పట్టని కానిస్టేబులు



మేమంతా ముత్తుకూరు, మైపాడు, విడవలూరు పక్క సముద్రపు పల్లెల నుంచి నెల్లూరుకు చదువుకోను వచ్చినవాళ్ళం. మా పల్లెల్లో సిగ్నలు దీపాలు లేవు. రోడ్డుకు అడ్డమొచ్చేవి గేదెల మంద, వడ్ల ట్రాక్టరు, రొయ్యల లోడు బండి. దోవ ఇవ్వడమూ, అడగడమూ కేకలతోనే. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక పెద్ద లారీలు కూడా మా దోవకు వచ్చాయి. టౌనుకొచ్చాకే మేము మూడు రంగుల దీపం చూసి నడవడం నేర్చుకున్నాం. ఎర్ర దీపం వెలిగితే బండి ఆగుతుందని నమ్మి రోడ్డు మీద కాలు పెడతాం. ఆ నమ్మకమే పాదచారికి రక్షణ.

ఆ నమ్మకం ఒకసారి మమ్మల్ని మోసగించింది. మాతోపాటు పదో తరగతి చదివే ఒక మిత్రుడు బండ్లకు ఎర్ర దీపం పడ్డాక రోడ్డు దాటుతుంటే, ఆగకుండా వచ్చిన మోటారు సైకిలు గుద్దేసి వెళ్ళిపోయింది. కాలు విరిగింది. వాళ్ళ నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. కూలి వదులుకుని ఆస్పత్రిలోనే ఉండిపోయాడు. వచ్చినవాళ్ళంతా అడిగింది ఒకే మాట: "నంబరు చూశారా అబ్బయ్యా?" ఎవరూ చూడలేదు. నంబరు దొరికితే బండి ఇన్సూరెన్సు నుంచి పరిహారం అడగవచ్చు. బండి ఎవరిదో తెలియకపోయినా ఒక దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర పథకం ప్రకారం తీవ్ర గాయమైతే 50 వేల రూపాయలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇవ్వాలి. ఈ సంగతి మన పల్లెల్లో ప్రతి ఇంటికీ తెలియాలి.

మరి ఆ నంబరును కన్నార్పకుండా చూసేవాడు ఎవడైనా ఉన్నాడా? ఉన్నాడు. వాడే ఎర్ర దీపం కెమెరా.

హాలండుకు చెందిన మారిస్ గాట్సోనిడిస్ 1953లో మాంటెకార్లో కారు పందెం గెలిచినవాడు. తన కారు వేగం కొలుచుకోవడానికి ఆయన చేసుకున్న పరికరాలే తర్వాత పోలీసుల చేతికి వచ్చాయి. ఎర్ర దీపం కెమెరా కూడా 1960లలో ఆయన సంస్థ నుంచే వచ్చింది. అది పనిచేసే తీరు మన పదో తరగతి పాఠంలోని విద్యుదయస్కాంతమే. ఆగాల్సిన తెల్ల గీత దగ్గర రోడ్డును సన్నగా కోసి తీగ చుట్టలు పరుస్తారు. వాటిలో కొద్దిపాటి కరెంటు పారుతుంటుంది. లోహపు బండి పైకి రాగానే చుట్ట ప్రేరకత్వం మారుతుంది. బండి వచ్చిందని యంత్రానికి అలా తెలుస్తుంది. అది సిగ్నలు పెట్టెతో కలిపి ఉంటుంది కాబట్టి ఎర్ర దీపం వెలిగినప్పుడే కెమెరాను లేపుతుంది. ఇప్పటి కెమెరాలు చాలావరకు తీగలు లేకుండా వీడియోలోనే బండిని గుర్తించి, నంబరు ప్లేటు చదివేస్తాయి.

తీగ చుట్టల కెమెరా తీసేది ఒక ఫొటో కాదు, రెండు. మొదటిదానిలో బండి గీత దగ్గర ఉంటుంది, పైన ఎర్ర దీపం కనిపిస్తుంది. రెండోదానిలో అదే బండి సెంటరు మధ్యలో ఉంటుంది. గీత దాటి ఆగిపోయినవాడికీ, దూసుకుపోయినవాడికీ తేడా ఈ రెండో ఫొటోతోనే తెలుస్తుంది. పసుపు దీపం ఉండగానే సెంటరులోకి వచ్చినవాడిని కెమెరా పట్టుకోదు.

పసుపు దీపం సంగతీ చెప్పుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల పసుపులో 50 మీటర్లు. పసుపు మరీ తక్కువసేపు ఉంటే మంచి డ్రైవరు కూడా తప్పులో పడతాడు. కనుక కెమెరా పెట్టేముందు దీపాల లెక్క సరిచూడాలి. కెమెరాలు ఉన్న చోట పక్క నుంచి గుద్దే ప్రమాదాలు తగ్గాయనీ, ఉన్నట్టుండి బ్రేకు వేయడంతో వెనక నుంచి తగిలేవి కొంత పెరిగాయనీ విదేశాల్లో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. పక్క దెబ్బే ఎక్కువ ప్రాణాలు తీస్తుంది కాబట్టి మొత్తం మీద మేలే ఎక్కువ.

మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఎర్ర దీపం దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగుగా లెక్కగట్టింది. కెమెరాలు ఎక్కడ పెట్టాలో, ఎలా వాడాలో చెప్పే నిబంధన 2021 ఆగస్టులో వచ్చింది. అందులోని పట్టణాల జాబితాలో మన నెల్లూరు కూడా ఉంది. కెమెరా ఉన్నచోట హెచ్చరిక బోర్డు పెట్టాలనీ, చలానాతోపాటు తప్పు స్పష్టంగా కనిపించే ఫొటో, తేదీ, సమయం, స్థలం ఇవ్వాలనీ ఆ నిబంధన చెబుతోంది.

ఇది మనకు రెండు విధాలా అవసరం. మేము నడిచేవాళ్ళం, నిజమే. కానీ మా నాయనలు, మామలు ఆటోలు, చేపల టెంపోలు తోలేవాళ్ళు. వెయ్యి రూపాయల చలానా అంటే ఇంట్లో రెండుమూడు రోజుల కూడు. అందుకే "ఫొటో చూపించండి" అని అడిగే హక్కు ఉందని వాళ్ళకు చెప్పాలి. ఆ హక్కుతోపాటే "ఎర్ర దీపం దగ్గర ఆగు నాయనా" అని కూడా చెప్పాలి. చేపల మార్కెట్టుకు పావుగంట ఆలస్యమైతే ధర తగ్గుతుంది, ఆ తొందర మాకు తెలుసు. అయినా ఆ గీత అవతల దాటుతున్నది ఎవరో ఒకరి బిడ్డే.

కెమెరాకు కొన్ని చేతకావు. అది బండిని ఆపలేదు, తర్వాత ఉత్తరం మాత్రం పంపగలదు. బురద పూసిన ప్లేటును చదవలేదు. దొంగ నంబరు ముందు ఓడిపోతుంది. అందుకని బడుల ముందు, హాస్టళ్ళ ముందు ఉన్న సెంటర్లలో కెమెరాతోపాటు నడిచేవాళ్ళకు చాలినంత సమయం, తెల్ల చారలు, వేగం తగ్గించే గట్లు కూడా ఉండాలని అధికారులను వినయంగా కోరుతున్నాం.

మిత్రులారా! రేపు మనలో కొందరు డ్రైవర్లం అవుతాం, కొందరు పోలీసులం, ఇంజనీర్లం అవుతాం. స్టీరింగు పట్టినవాళ్ళు గీత దగ్గర ఆగండి. పసుపు దీపానికి సెకన్లు లెక్కగట్టే కుర్చీలో కూర్చున్నవాళ్ళు, పుస్తకాల సంచితో నడిచే పిల్లవాడి అడుగులు కూడా లెక్కలో వేయండి.