పాపం అంటని యుద్ధమా?

మార్చి 28, 2024
ఉక్రెయిన్‌లో జరుగుతున్నది ‘పవిత్ర యుద్ధం’ అంటూ నిన్న మాస్కోలో ప్రపంచ రష్యా ప్రజామండలి ఒక పత్రం ఆమోదించింది. ఆ మండలికి పెద్ద, రష్యా ఆర్థడాక్స్ చర్చి అధిపతి కిరిల్. మొదట్లో ఉక్రెయిన్ మీద దాడిని యుద్ధం అన్నవాళ్ల మీద కేసులు పెట్టారు; ‘ప్రత్యేక సైనిక చర్య’ అనాలన్నారు. ఇప్పుడు మతపెద్దలే యుద్ధమంటున్నారు, పైగా దేవుడిదంటున్నారు.

మార్చి 30
2022 సెప్టెంబరు 21న పుతిన్ రిజర్వు సైనికులను పిలిచాడు. వేలాది మంది యువకులు సరిహద్దులు దాటిపోయారు. 25న కిరిల్ ప్రసంగం: విధి నిర్వహణలో చనిపోయిన సైనికుడి పాపాలన్నీ కడుక్కుపోతాయని. ప్రభుత్వం జీతం ఇవ్వగలదు, పతకం ఇవ్వగలదు. చంపినా పాపం అంటదన్న భరోసా మాత్రం దేవుడి పేరు చెప్పేవాళ్లే ఇవ్వాలి. పాలకులకు వాళ్ల అవసరం అక్కడే.

ఏప్రిల్ 2
మాస్కో దగ్గర 2020లో ప్రారంభించిన సైన్యపు ప్రధాన చర్చి గురించి చదివాను. నాజీల ఆయుధాలు కరిగించి మెట్లలో కలిపారు. హిట్లర్‌ను ఓడించిన ఎర్రసైన్యంలో లక్షలాది ఉక్రెయిన్ బిడ్డలున్నారు. ఆ గెలుపు పేరు చెప్పి వాళ్ల మనవల మీద బాంబులు వేయడం చనిపోయినవారికి ద్రోహం.

ఏప్రిల్ 5
ఉక్రెయిన్‌లోని ఒడెస్సా కేథడ్రల్‌ను స్టాలిన్ కాలంలో, 1936లో కూల్చేశారు. తిరిగి కట్టాక 2010లో కిరిలే వచ్చి ప్రతిష్ఠ చేశాడు. 2023 జూలైలో రష్యా క్షిపణుల దాడిలో అది తీవ్రంగా దెబ్బతింది. చంపేవాడూ చచ్చేవాడూ ఒకే శిలువకు మొక్కుతున్నారు.

ఏప్రిల్ 9
మాస్కోలోని ఒక చర్చి ఫాదర్ ఇయోఆన్ కోవల్, రష్యా విజయం కోసం చేయమన్న ప్రార్థనను శాంతి కోసం చేశాడు. 2023లో రష్యా చర్చి ఆయన మతగురువు హోదా తీసేసింది. అదే ఏడాది కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్స్ పీఠం దాన్ని తిరిగి ఇచ్చింది. విశ్వాసం యుద్ధానికి ఎదురు నిలవగలదనడానికి ఆయనే సాక్ష్యం.

ఏప్రిల్ 12
ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్తే, రష్యా సైన్యంలో చిక్కి చనిపోయిన మన హైదరాబాద్ యువకుడు గుర్తొస్తున్నాడు. ఆ ‘పవిత్ర యుద్ధం’లో అతనికేం వాటా ఉంది?

ఏప్రిల్ 13
ఇది ఒక్క రష్యా జబ్బు కాదు. 2001లో అమెరికా అధ్యక్షుడు బుష్ నోట ‘క్రూసేడ్’ మాట వచ్చింది. బిన్ లాడెన్ జిహాద్ అన్నాడు. చంపే చేతిని ఆపడం మతం పని. ముందే క్షమించడం కాదు. మన గుడిలో, మసీదులో, చర్చిలో ఎవరైనా యుద్ధానికి దీవెనలిస్తే, అక్కడే లేచి వద్దని చెప్పండి.